బైనారల్ బీట్స్: చెవికి చేటు లేకుండా, పనికొచ్చేలా వినడం ఎలా

అమ్మ తంబూరా శ్రుతి చేస్తుంటే పక్కన కూర్చుని వినడం నాకు చిన్నప్పటి అలవాటు. నడుమ ఉండే రెండు తీగలు, సారణి, అనుసారణి, ఒకే షడ్జం పలకాలి. దగ్గరికి వచ్చి ఇంకా పూర్తిగా కలవనప్పుడు నాదం ‘వూ... వూ...’ అని ఊగేది. అమ్మ పూసను గోటితో కాస్త జరిపేది. ఊపు నెమ్మదించేది. ఇంకాస్త జరిపితే ఆగిపోయేది. అప్పుడు తలెత్తి నా వంక చూసేది, విన్నావా అన్నట్టు.

ఆ ఊపునే బీట్స్ అంటారు. ఒక తీగ సెకనుకు 200 సార్లు, ఇంకొకటి 203 సార్లు కంపిస్తే నాదం సెకనుకు 3 సార్లు హెచ్చి తగ్గుతుంది. రెండూ గాలిలోనే కలుస్తాయి కాబట్టి ఒక చెవి మూసుకున్నా ఊపు వినబడుతుంది. బైనారల్ బీట్స్‌లో అలా కాదు. హెడ్‌ఫోన్ ద్వారా ఎడమ చెవికి 200 హెర్ట్జ్ (అంటే సెకనుకు 200 కంపనాలు), కుడి చెవికి 210 హెర్ట్జ్ విడివిడిగా పంపుతారు. గాలిలో అవి కలవవు. రెండు చెవుల సంకేతాలూ మెదడు కాండంలో కలిసేచోట, సెకనుకు 10 సార్లు ఊగే శబ్దం ఒకటి ఉన్నట్టు మనకు అనిపిస్తుంది. శబ్దం ఏ పక్క నుంచి వచ్చిందో కనిపెట్టడానికి, రెండు చెవులకూ అది అందిన సమయాల తేడాను లెక్కగట్టే నాడీకణాలు ఉండేది కూడా అక్కడే. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైన్‌రిఖ్ విల్‌హెల్మ్ డోవ్ 19వ శతాబ్దంలోనే దీన్ని గమనించాడు. 1973లో జెరాల్డ్ ఆస్టర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంతో పరిశోధకుల దృష్టి మళ్లీ దీని మీద పడింది.

నేను చెన్నై వచ్చి పదహారేళ్లు. ఇల్లు వేళచ్చేరిలో, ఆఫీసు పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) మీద. రాత్రి షిఫ్టుల వల్ల నిద్ర చెడిపోయిన రోజుల్లో వీటిని వినడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆఫీసులో నెల్లూరు, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు "అన్నా, ఏ ట్రాక్ వినాలి?" అని అడుగుతుంటారు. ట్రాక్ సంగతి చివరన చూడాల్సింది. ముందు చూడాల్సినవి చెవులు, ఫోను, వాల్యూమ్. అందుకే ఇక్కడ కూడా ఆ వరసలోనే చెబుతున్నాను.

దీని నుంచి ఎంత ఆశించవచ్చు

వెస్ట్ మాంబలంలో మా పిన్ని ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో రాత్రిళ్లు నిద్రపట్టక అవస్థపడుతుంటే, వాన శబ్దం కింద సన్నని బీట్స్ కలిపి ఒక ఆడియో చేసి పంపాను. పది రోజుల తర్వాత ఫోన్ చేసింది. "ఒరే, నువ్వు పంపిన ఆ వాన హోరు బాగుందిరా, పక్క మీద వాలగానే కన్ను మూత పడుతోంది" అంది. ఏ హెడ్‌ఫోన్ వాడుతున్నావు పిన్నీ అని అడిగితే, "అవన్నీ నాకెందుకురా, ఫోను దిండు పక్కన పెట్టుకుంటున్నాను" అంది. స్పీకర్లో పెడితే రెండు శబ్దాలూ గాలిలోనే కలిసిపోతాయి. అది బైనారల్ కాదు. మరి ఆవిడకు నిద్ర ఎందుకు పట్టింది? రోజూ అదే వేళకు లైటు ఆర్పి, టీవీ కట్టేసి, పడుకుని, వాన శబ్దం వింటూ ఊపిరి నెమ్మదించుకుంది. మేలులో పెద్ద వాటా దానిదే అని నా నమ్మకం.

పరిశోధనలు కూడా మిశ్రమంగానే ఉన్నాయి. 2005లో అనస్థీషియా పత్రికలో వచ్చిన ఒక పరీక్షలో, ఆపరేషన్‌కు వెళ్లబోయే 108 మందిని మూడు జట్లు చేశారు. బైనారల్ బీట్స్ ఉన్న ఆడియో విన్నవాళ్లలో ఆందోళన స్కోరు సగటున 26.3 శాతం తగ్గింది. బీట్స్ లేని ఆడియో విన్నవాళ్లలో 11.1 శాతం, ఏమీ విననివాళ్లలో 3.8 శాతం తగ్గింది. 2019లో 22 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో ఆందోళన, నొప్పి, జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల మీద ఒక మోస్తరు ప్రభావం కనపడింది.

కానీ ‘10 హెర్ట్జ్ వింటే మెదడు తరంగాలు, అంటే మెదడులోని విద్యుత్ లయలు, 10 హెర్ట్జ్‌కు మారిపోతాయి’ అనే మాట ఇంకా రుజువు కాలేదు. 2023లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చిన సమీక్ష ఇలాంటి 14 అధ్యయనాలను పరిశీలిస్తే, 5 మాత్రమే ఆ మాటను సమర్థించాయి. 8 వ్యతిరేకంగా వచ్చాయి, ఒకటి అటూ ఇటూ కాకుండా ఉంది. అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో వెయ్యి మందితో ఇళ్లలోనే పరీక్ష చేయించారు. వింటూ ఆలోచనా పరీక్ష రాసినవాళ్ల స్కోరు పెరగకపోగా తగ్గింది.

కాబట్టి టెన్షన్ దించుకోవడానికి, పడుకునే ముందు మనసు నిదానించడానికి ప్రయత్నించి చూడండి. పరీక్షల్లో మార్కుల కోసం దీని మీద ఆధారపడకండి. నీట్, జేఈఈకి చదివే పిల్లలకు ‘మెమరీ బూస్ట్’ అని ఎనిమిది గంటల వీడియో పెట్టి వదిలేసే తల్లిదండ్రులకు ఇది గట్టిగానే చెబుతున్నాను. ఫలానా హెర్ట్జ్ వింటే డీఎన్ఏ బాగవుతుంది, షుగర్ తగ్గుతుంది, బరువు కరుగుతుంది అనే మాటలకు ఆధారం లేదు. అవి నమ్మి మందులు మానేయకండి.

మొదలుపెట్టకూడనివాళ్లు, డాక్టర్‌ను అడిగాకే వినాల్సినవాళ్లు

మూర్ఛ ఉన్నవాళ్లు, ఇదివరకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు న్యూరాలజిస్టును అడగకుండా వినవద్దు. మెరిసే లైట్లు కలిపిన వీడియోలు వీళ్లకు మరీ ప్రమాదం. లేని మాటలు వినబడటం లాంటి లక్షణాలున్న మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవాళ్లు కూడా తమ డాక్టర్‌తో మాట్లాడాకే వినాలి. చెవి కారుతున్నా, చెవిపోటు ఉన్నా అది తగ్గేదాకా ఆగండి. ఒక చెవి సరిగా వినబడనివాళ్లకు ఈ బీట్స్ ఏర్పడవు, కాబట్టి వాల్యూమ్ పెంచి ప్రయత్నించవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు హెడ్‌ఫోన్‌ను మెడలో, గుండె మీద వేలాడేయకూడదు. అందులో అయస్కాంతాలు ఉంటాయి. 15 సెంటీమీటర్లయినా దూరం ఉంచాలి.

పిల్లలకు దీని అవసరం నాకు కనపడదు.

మొదటి అడుగు: హెడ్‌ఫోన్, ఫోన్ సెట్టింగులు

ఖరీదైన హెడ్‌ఫోన్ అక్కర్లేదు. రిచీ స్ట్రీట్‌లో దొరికే మామూలు వైరు ఇయర్‌ఫోన్ చాలు, రెండు వైపులా సమానంగా పలికితే. కొనేటప్పుడే ఎడమ, కుడి విడివిడిగా విని చూడండి. నేనైతే చెవి మొత్తాన్ని కప్పే హెడ్‌ఫోన్ వాడతాను. బయటి గోల తగ్గుతుంది కాబట్టి తక్కువ వాల్యూమ్ సరిపోతుంది.

ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే రెండు శబ్దాలూ కలిసి రెండు చెవులకూ ఒకటే వెళుతుంది. అక్కడే ఉండే ఎడమ-కుడి బ్యాలెన్స్ గీత సరిగ్గా మధ్యలో ఉండాలి. సరౌండ్, త్రీడీ, బేస్ బూస్ట్ లాంటివి ఆపేయండి. బ్లూటూత్ వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి. కాల్‌లో ఉన్నప్పుడు, మైకు పనిచేస్తున్నప్పుడు చాలా బ్లూటూత్ ఇయర్‌బడ్లు మోనోలోకి మారిపోతాయి. ఆఫీసు మీటింగ్ వెనకాల బీట్స్ పెట్టుకుంటే ఫలితం ఉండదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఆడియో పెట్టి రెండు చెవులతో వినండి. సన్నని ఊపు తెలుస్తుంది. ఒక పక్క తీసేయండి. ఊపు పోయి నిలకడగా ఒకే శ్రుతి వినబడాలి. రెండో పక్కనూ అలాగే చూడండి. ఒక్క చెవితో కూడా ఊపు వినబడుతోందంటే, మీ ఫోన్ మోనోలో ఉన్నట్టు, లేదా ఆ ఆడియో అసలు బైనారల్ కానట్టు. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో దొరికే వాటిలో ఈ పరీక్షకు నిలవనివి నాకు చాలానే తగిలాయి.

రెండో అడుగు: వాల్యూమ్

ఈ మొత్తంలో శాశ్వత నష్టం జరగగలిగేది ఇక్కడే. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత). 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి పడిపోతుంది. 83 అయితే 20 గంటలే. 90కి వెళితే వారానికి 4 గంటలే. ఈ హద్దులోకి బీట్స్ ఒక్కటే రావు, రోజంతా మీరు వినే పాటలు, కాల్స్, రీల్స్ అన్నీ వస్తాయి. ఇప్పటికే రోజుకు ఆరేడు గంటలు హెడ్‌సెట్‌తో పనిచేసేవాళ్లయితే సాయంత్రం చెవికి విశ్రాంతే మేలు.

వాల్యూమ్ ఇలా పెట్టండి. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పెంచుతూ, శబ్దం ఉందని తెలిసేచోట ఆగండి. ఇంకొక్క మెట్టు పెంచి వదిలేయండి. గదిలో ఎవరైనా మామూలు గొంతుతో పిలిస్తే మీకు వినబడాలి. వింటున్నకొద్దీ శబ్దం తగ్గినట్టు అనిపిస్తుంది. చెవి అలవాటు పడటం వల్ల అలా జరుగుతుంది. అప్పుడు పెంచకండి. ఫ్యాన్ హోరు, వీధిలో హారన్లు అడ్డువస్తుంటే వాటిని మించిపోయేలా పెంచకుండా కిటికీ మూయండి, లేదా వేరే వేళ చూసుకోండి. నిద్ర కోసమని యాప్‌లో వినేవాళ్లకు మధ్యలో వచ్చే యాడ్ పెద్ద సమస్య. కన్ను అంటుకున్న సమయానికి ఒక్కసారిగా గట్టిగా మోగుతుంది. అందుకే ఫైలు ఫోన్‌లో దాచుకుని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వినడం మంచిది.

మూడో అడుగు: ఏ ఫ్రీక్వెన్సీ

రెండు చెవుల మధ్య తేడానే బీట్. 1 నుంచి 4 హెర్ట్జ్ దాకా డెల్టా, గాఢ నిద్రలో మెదడు చూపే తరంగాల పేరు. 4 నుంచి 8 థీటా. 8 నుంచి 13 ఆల్ఫా, కళ్లు మూసుకుని హాయిగా మెలకువగా ఉన్నప్పటిది. 13 నుంచి 30 బీటా. నిద్రకు 3, టెన్షన్‌కు 10 పెట్టి మొదలుపెట్టండి, ఎక్కువ ఆలోచించకండి. మూల శబ్దం 200 నుంచి 450 హెర్ట్జ్ మధ్య ఉండాలి. ఆస్టర్ రాసినదాని ప్రకారం 440 దగ్గర బీట్స్ బాగా తెలుస్తాయి, 1000 దాటితే కనుమరుగవుతాయి. తేడా 30 హెర్ట్జ్ దాటితే ఊపు పోయి రెండు వేరు శబ్దాలుగా వినబడతాయి. నా చెవికి 200 మెత్తగా ఉంటుంది.

నాలుగో అడుగు: మీ ఆడియో మీరే చేసుకోండి

కంప్యూటర్ ఉంటే పావుగంట పని. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. జనరేట్ మెనూలో టోన్ తీయండి. వేవ్‌ఫామ్ సైన్, ఫ్రీక్వెన్సీ 200, యాంప్లిట్యూడ్ (శబ్దం ఎంత గట్టిగా ఉండాలో) 0.1, వ్యవధి 20 నిమిషాలు. యాంప్లిట్యూడ్ అక్కడ మామూలుగా 0.8 ఉంటుంది, మరిచిపోకుండా తగ్గించండి. మొదటి ట్రాక్ వచ్చాక దాని కింద ఖాళీ చోట క్లిక్ చేసి, మళ్లీ అదే పద్ధతిలో 210తో రెండోది చేయండి. పై ట్రాక్ పేరు దగ్గరున్న మెనూలో ‘మేక్ స్టీరియో ట్రాక్’ నొక్కితే పైది ఎడమకు, కిందది కుడికి వెళుతుంది. మొదటి అర నిమిషానికి ఫేడ్ ఇన్, చివరి నిమిషానికి ఫేడ్ అవుట్ వేయండి. చివర శబ్దం ఠక్కున ఆగితే ఉలిక్కిపడి లేస్తారు.

వేవ్ ఫైలుగా సేవ్ చేయండి. 20 నిమిషాలకు 200 ఎంబీ పైచిలుకు అవుతుంది, పర్వాలేదు. బాగా కుదించిన ఫైళ్లలో రెండు చెవుల మధ్య తేడా చెడిపోయే అవకాశం ఉంది. ఒట్టి టోన్ విసుగనిపిస్తే వాన శబ్దం సన్నగా కలుపుకోవచ్చు. నేను ఈశాన్య రుతుపవనాల్లో మా బాల్కనీలో రికార్డు చేసిన వాననే వాడతాను.

దీనివల్ల ఒక లాభం ఉంది. మీరు ఏం వింటున్నారో మీకు తెలుస్తుంది. యాప్‌లలో ‘థీటా హీలింగ్’ అని పేరు పెట్టి లోపల ఏం ఉంచారో తెలియదు.

ఐదో అడుగు: వినడం

మొదటిసారి పది నిమిషాలే, కుర్చీలో కూర్చుని, పగటిపూట. తల తిరిగినా, తలనొప్పి వచ్చినా, గాబరా పెరిగినా ఆపేయండి. ఏ ఇబ్బందీ లేకపోతే మరుసటి రోజు నుంచి 15, 20 నిమిషాలు వినవచ్చు. టెన్షన్ పెట్టే పని ముందుంటే, పని చేస్తూ కాకుండా ముందే వినండి. 2019 విశ్లేషణలో పని జరుగుతుండగా మాత్రమే విన్నవాళ్ల కన్నా ముందు నుంచి విన్నవాళ్లకు ఎక్కువ ఫలితం కనపడింది. వినేటప్పుడు ఊపిరి వదలడాన్ని కాస్త పొడిగించండి. ఫోన్ తెర బోర్లా పెట్టండి.

బండి నడుపుతూ వినకూడదు. షోళింగనల్లూరు సిగ్నల్ దగ్గర రెండు చెవుల్లో బడ్లు పెట్టుకుని స్కూటర్ నడిపేవాళ్లను రోజూ చూస్తూ నా గుండె గుభేలుమంటుంది. లోకల్ రైలు పట్టాల దగ్గర, రోడ్డు దాటేటప్పుడు, వంట స్టవ్ మీద ఉన్నప్పుడు కూడా వద్దు. బస్సులో, మెట్రోలో కూర్చున్నా ఆ రొదను మించాలంటే వాల్యూమ్ పెంచాల్సి వస్తుంది కాబట్టి అక్కడా వద్దనే అంటాను.

చెన్నై ఎండలో చెవి సంగతి

ఇది విడిగా చెప్పాలి. ఒక మే నెలలో, కత్తిరి ఎండల్లో, నెల రోజుల పాటు ఇయర్‌బడ్లతోనే నిద్రపోయాను. చెమట, ఉక్క, రాత్రంతా మూసుకుపోయిన చెవి. మొదట దురద, తర్వాత చెవి మూసుకుపోయినట్టు, ఆపైన నొప్పి. ఈఎన్‌టీ డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు. శుభ్రం చేసి, చుక్కల మందు ఇచ్చి, చెవిలో ఏదీ పెట్టవద్దన్నారు. మూడు వారాలు పట్టింది.

తడి, వెచ్చదనం ఉన్న చెవిలో ఫంగస్ సులువుగా పెరుగుతుంది. కాబట్టి తలస్నానం చేసిన వెంటనే బడ్లు పెట్టకండి, చెవి ఆరనివ్వండి. బడ్ల రబ్బరు తొడుగులు వారానికొకసారి తీసి కడిగి, బాగా ఆరబెట్టండి. ఇంట్లోవాళ్లతో కూడా మార్చుకోకండి. నిద్రపోతూ వినాలనుకుంటే స్లీప్ టైమర్ 20 నిమిషాలకు పెట్టి, ఆగగానే తీసేసే అలవాటు చేసుకోండి. చెవిలోపలికి వెళ్లని, మెత్తని బట్ట పట్టీలో స్పీకర్లు ఉండే రకం ఇంకా మంచిది. దురద మొదలైతే దూదిపుల్లతో తిప్పడం, నూనె కాచి పోయడం వద్దు.

ఆరో అడుగు: మీకు పనిచేస్తోందా

పిన్ని సంగతి చూశాక నా మీద నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. నిద్ర కోసం రెండు ఫైళ్లు చేశాను. ఒకదానిలో 200, 203. రెండోదానిలో రెండు చెవులకూ 200. రెండింటి మీదా అదే వాన, టోన్ బాగా సన్నగా. మా ఆవిడ వాటికి ‘అ’, ‘ఆ’ అని పేర్లు పెట్టి, ఏది ఏదో నాకు చెప్పకుండా 14 రాత్రులకు కలగలిపి ఒక వరస రాసిచ్చింది. ప్రతి ఉదయం మూడే మూడు రాసుకున్నాను: నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టిందనిపించింది, రాత్రి ఎన్నిసార్లు లేచాను, పొద్దున్న హుషారు ఐదుకి ఎంత.

నిద్రలో రెండింటి మధ్యా తేడా కనపడలేదు. వాన శబ్దం విన్న ఏ రాత్రయినా, విననివాటికన్నా మెరుగ్గానే ఉంది. అదే పద్ధతిలో క్లయింట్ కాల్స్‌కు ముందు 10 హెర్ట్జ్ పరీక్షిస్తే, బీట్స్ ఉన్న ఫైలుకు కొంచెం మంచి మార్కులు పడ్డాయి. అందుకే ఇప్పుడు కాల్స్‌కు ముందు మాత్రమే బీట్స్ వింటాను. మీ లెక్క వేరుగా ఉండవచ్చు. రెండు వారాలు రాసి చూడండి. టీ, కాఫీ సాయంత్రం నాలుగు తర్వాత తాగిన రోజుల్ని విడిగా గుర్తుపెట్టుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఎప్పుడు ఆపి, ఎవరి దగ్గరికి వెళ్లాలి

విన్నాక చెవిలో గుయ్ మనే శబ్దం మిగిలితే ఆ రోజుకు ఆపండి. మర్నాటికీ ఉంటే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లి వినికిడి పరీక్ష చేయించుకోండి. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే మర్నాటి దాకా కూడా ఆగకండి, అది అత్యవసరం. గురక గట్టిగా వచ్చి, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెబితే, ఆ నిద్ర సమస్యకు ఏ ఆడియో పనికిరాదు, డాక్టర్ చూడాలి. నెల దాటినా నిద్ర కుదురుకోకపోయినా, దిగులు, భయం రోజూ వేధిస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. చావాలనిపిస్తే హెడ్‌ఫోన్ పక్కన పెట్టి వెంటనే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

పిన్ని ఇప్పటికీ ఆ వానను దిండు పక్కన స్పీకర్లోనే వింటోంది. హెడ్‌ఫోన్ పెట్టుకోమని నేను అనలేదు. వెస్ట్ మాంబలం వెళ్లినప్పుడల్లా మాత్రం ఆవిడ ఫోన్ తీసి, వాల్యూమ్ ఎంతలో ఉందో చూసి వస్తాను.